ఎవరూ లేని పిల్ల

మొన్నీమధ్య మా బడికి ఒక అబ్బాయి, ఒక అమ్మాయి వచ్చారు. అబ్బాయి మెడలో కెమెరా ఉంది, అమ్మాయి చేతిలో కాగితాలున్నాయి. పేద పిల్లల సంగతి జనానికి తెలియాలని చిన్న వీడియో తీస్తున్నామని, అందుకు ఒక పిల్ల కావాలని అడిగారు. ఎలాంటి పిల్ల కావాలన్నాను. కళ్ళు పెద్దవిగా ఉండాలి మేడమ్, మొహం కాస్త దిగులుగా ఉండాలి అని ఆ అమ్మాయి కాగితం చూసి చెప్పింది. టీ ఇప్పించాను. తల్లిదండ్రులు ఒప్పుకోవాలని, బొమ్మ కింద ఏం రాస్తారో ముందే వాళ్ళకి చదివి వినిపించాలని చెప్పాను. కనుక్కుని వస్తామని వెళ్ళారు. మంచి పిల్లలే, వాళ్ళ మీద నాకేం కోపం లేదు. అప్పట్లో మా పేటకి వచ్చినవాళ్ళు కూడా మంచివాళ్ళే. నాకు తొమ్మిదేళ్ళప్పుడు నా ఫోటో విశాఖపట్నం గోడల మీద కొన్నాళ్ళు ఉంది. దాని కింద నాకు ఎవరూ లేరని రాసి ఉంది. అప్పటికి నాకు అమ్మ, అయ్య, మామ్మ, ఇద్దరు తమ్ముళ్ళు ఉన్నారు. మామ్మ లెక్కలో అయితే సింహాద్రి అప్పన్న కూడా ఉన్నాడు. ఆయన పేరే నాకు పెట్టారు, అప్పలకొండ అని.

మా పేట ఫిషింగ్ హార్బరుకి నడిచి వెళ్ళేంత దూరం. ఒకవైపు సముద్రం, ఇంకోవైపు పోర్టు. సముద్రం వైపు నుంచి ఉప్పుగాలి వచ్చేది, పోర్టు వైపు నుంచి ఇనుప రాయి దుమ్ము వచ్చేది. ఆరేసిన తెల్లచొక్కా సాయంత్రానికి ఇటుక రంగు తిరిగేది కాబట్టి మా పేటలో ఎవరూ తెల్లచొక్కాలు కొనేవారు కాదు. మాది ఒక గది ఇల్లు, ముందు తాటాకు పంచ, వెనక పొయ్యి. అమ్మ తెల్లవారుతూనే హార్బరుకి వెళ్ళి, వేలంలో చేపలు పాడుకుని, గంప నెత్తికెత్తుకుని పూర్ణా మార్కెట్‌కి వెళ్ళేది. వెళ్ళేముందు అంబలి కాచి, మా గిన్నెల్లో పోసి, మూతలు పెట్టి, మూతల మీద తలా ఒక ఉల్లిపాయ ముక్క పెట్టేది. మధ్యాహ్నం తిరిగొచ్చాక మొదట గంప కడిగేది, తర్వాత తను స్నానం చేసేది, ఆ తర్వాత నా జడ విప్పి మళ్ళీ వేసేది. ఎంత రుద్దుకున్నా అమ్మ చేతుల్లోంచి చేపల వాసన పోయేది కాదు. నా జుట్టుకి కొబ్బరినూనె వాసనా, చేపల వాసనా కలిసి పట్టేవి. మునిసిపల్ బడిలో నా పక్కన కూర్చునే పిల్ల రెండు రోజులు ముక్కు మూసుకుంది. మూడో రోజుకి అలవాటు పడింది.

అమ్మకి చిరిగిన బట్ట అంటే గిట్టేది కాదు. అయ్య వల కుట్టుకుంటుంటే, ఆ పక్కనే కూర్చుని మా బట్టలు కుట్టేది. మా తమ్ముడి నిక్కరులో మొదటి గుడ్డ ఎంత, అతుకులు ఎంత అని చెప్పడం కష్టంగా ఉండేది కానీ, చిరుగు మాత్రం కనిపించేది కాదు. మేం పేదవాళ్ళమని నాకు తెలియదని కాదు, తెలుసు. వానలు ముదిరి బోట్లన్నీ కట్టేసి ఉన్న రోజుల్లో అంబలి పలచబడేది. ఇంకా పలచబడితే మామ్మకి ఆకలి లేకుండా పోయేది. ఈ పూట కడుపులో బరువుగా ఉంది, నాకొద్దు అనేది. వానాకాలం వస్తే మామ్మకి కడుపు బాగుండదని మేం చాలా ఏళ్ళు నమ్మాం.

మామ్మ చుట్ట కాల్చేది. నిప్పున్న కొసని నోటి లోపల పెట్టుకుని కాల్చేది, దాన్ని అడ్డపొగ అంటారు. మా పేట ముసలమ్మలందరూ అలాగే కాల్చేవారు. ఎందుకలాగ అని అడిగితే, జవాబు చెప్పాలంటే చుట్ట బయటికి తీయాలి కాబట్టి మామ్మ చెప్పేది కాదు. అయ్య బోటు మీద కలాసీగా వెళ్ళేవాడు. మా వాళ్ళు చేపల వేటని ఏట అంటారు. ఏటకి వెళ్తే పది పన్నెండు రోజులు సముద్రం మీదే. ఆ రోజుల్లో ఇంట్లో కొన్ని మాటలు అనకూడదని మామ్మ కట్టుబాటు. ఉప్పు లేదు అనకూడదు, నిండుకుంది అనాలి. అయ్య వెళ్ళాడు అనకూడదు. మీ అయ్య ఏడి అని ఎవరైనా అడిగితే, వస్తున్నాడు అని చెప్పాలి. అందువల్ల మా అయ్య పన్నెండు రోజులూ ఇంటికి వస్తూనే ఉండేవాడు.

ఆ ఏడు ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్ళు మా పేట కమ్యూనిటీ హాల్లో సాయంత్రం బడి పెట్టారు. అందులో చెప్పే మేడమ్‌ది విజయవాడ వైపు. సన్నగా, శ్రద్ధగా ఉండేవారు. మేం మాట్లాడేది ఆవిడకి సగం అర్థమయ్యేది కాదు, అయినా తల ఊపేవారు. చదువు అయ్యాక తలా ఒక వేరుశెనగ పప్పుండ ఇచ్చేవారు. ఆ బడికి మా వెనక వీధి పిల్ల నూకాలు కూడా అప్పుడప్పుడు వచ్చేది. నాకంటే ఏడాది చిన్నది. వాళ్ళ అయ్య వెళ్ళిన బోటు ఒక తుఫానులో తిరిగి రాలేదు. వాళ్ళమ్మ ఏడాది ఎదురుచూసి, ఇంకొకాయనతో పారాదీప్ వెళ్ళిపోయింది. నూకాలు, చూపు ఆనని తన అమ్మమ్మతో ఉంటూ, పగలంతా రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి వెళ్ళేది. ఐసులోంచి రొయ్య తీయాలి, తల గిల్లాలి, బకెట్లో వెయ్యాలి. సాయంత్రానికి దాని వేళ్ళు తెల్లగా ఉబ్బి వంగేవి కావు, బలపం జారిపోయేది. ఒకరోజు మేడమ్ దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఇంటి సంగతులన్నీ అడిగి నోట్‌బుక్కులో రాసుకున్నారు. నూకాలు అడిగినవన్నీ చెప్పింది. చెప్పడం అయ్యాక, ఇంకో పప్పుండ ఇస్తారా అంది. ఇచ్చారు. ఒకటి తిని, రెండోది అమ్మమ్మకి పట్టుకెళ్ళింది.

కొన్నాళ్ళకి మేడమ్ ఫోటోలు తీస్తామని చెప్పారు. ఊళ్ళో జనానికి ఇలాంటి పిల్లలున్నారని తెలియడం లేదు, పోస్టర్లు వేస్తే తెలుస్తుంది, తెలిస్తే సాయం చేసేవాళ్ళు ముందుకొస్తారు అన్నారు. ఆ మాట అప్పుడూ నిజమే, ఇప్పుడూ నిజమే. ఫోటో అనగానే అమ్మ ఆ రోజు మార్కెట్‌ మానేసింది. సింహాచలం వెళ్ళినప్పుడు కొన్న పసుపుపచ్చ గౌను వేసి, రెండు జడలు బిగించి అల్లి, కనకాంబరాలు పెట్టి, పౌడరు రాసి, దిష్టి తగలకుండా బుగ్గన చుక్క పెట్టి నన్ను హాలుకి తీసుకెళ్ళింది. ఫోటో తీసే సార్ నన్ను చూసి, మేడమ్ వైపు చూసి, "ఇలా కాదండీ" అన్నాడు. పాప బాగానే ఉంది, బాగుండడమే ఇబ్బంది అన్నాడు. పౌడరు కడిగించారు. పూలు తీయించారు. జడలు విప్పమంటే అమ్మ అడ్డొచ్చింది.

"జడిప్పేత్తే తల్లి లేని గుంటలాగుంటాది మేడమ్ గోరు."

"ఫోటో వరకే కదమ్మా" అన్నారు మేడమ్.

అమ్మే విప్పింది. తర్వాత చిరిగిన గౌను కావాలన్నారు. మా ఇంట్లో లేదు. అమ్మ నొచ్చుకున్నది లేనందుకు కాదు, ఉంటుందని వాళ్ళు అనుకున్నందుకు. పక్కింట్లో అడిగారు, ఆ వరసంతా అడిగారు. చిరిగినవన్నీ కుట్టి ఉన్నాయి, కుట్టడానికి వీల్లేనివి అతుకులైపోయాయి. చివరికి బోటు ఓనరు గారింట్లో దొరికింది. వాళ్ళమ్మాయి పాత గౌనుతో వాళ్ళు స్కూటరు తుడుచుకుంటున్నారు. ఉతికించి నాకు తొడిగారు. చంక కింద చిరిగింది కానీ, మెడ చుట్టూ లేసు ఉంది. అంత మంచి గౌను నేనప్పటిదాకా వేసుకోలేదు, అందుకని నవ్వొచ్చింది. నవ్వకూడదన్నాడు సార్. ఎంత చెప్పినా నవ్వు ఆగకపోయేసరికి, సూర్యుడి వైపు కాసేపు చూడు తల్లీ అన్నాడు. చూశాను. ఎండకి కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. అప్పుడు తీశాడు. ఆ రోజు నూకాలు రాలేదు. ఎందుకు రాలేదని ఎవరూ అడిగినట్టు నాకు గుర్తు లేదు.

పోస్టరు మేం చూడకముందే ఊరు చూసింది. మద్దిలపాలెం బస్ డిపో గోడ మీద ఉందని ఒకరు, స్టీల్ ప్లాంటుకి వెళ్ళే దారిలో ఉందని ఒకరు చెప్పారు. పూర్ణా మార్కెట్‌ మొదట్లో కూడా ఒకటి అంటించారు. అమ్మకి చదువు రాదు. బడి లేని రోజు చూసి, తన గంపతోపాటు నన్నూ తీసుకెళ్ళి గోడ ముందు నిలబెట్టింది. నా మొహం మా ఇంటి తలుపంత ఉంది. కళ్ళల్లో నీళ్ళు మెరుస్తున్నాయి. కింద నాలుగు వరసలు రాసి ఉన్నాయి.

"సదువు" అంది అమ్మ.

తండ్రిని సముద్రం తీసుకుపోయింది. తల్లి వదిలి వెళ్ళిపోయింది. ఈ చిన్నారికి ఎవరూ లేరు. మీరున్నారా? అని ఉంది. నేను లోపల చదువుకున్నాను. అయ్య ఏటకి వెళ్ళి అప్పటికి తొమ్మిది రోజులు.

"ఏటి రాసున్నాది?"

"ఈ పాప పేరు అప్పలకొండ. రోజూ బడికి వెళ్తుంది. అందరూ మీ పిల్లల్ని బడికి పంపండి" అని చదివాను. కొత్తగా నేర్చుకున్న చదువు కాబట్టి కూడబలుక్కుంటున్నట్టు ఆగి ఆగి చెప్పాను, అబద్ధం పేర్చుకోవడానికి ఆ వ్యవధి సరిపోయింది. అమ్మ మొహం వెలిగింది. పక్కన నిమ్మకాయలమ్మే ఆవిడని పిలిచి చూపించింది. ఇంకా ఆనందం తీరక, ప్రతివారం ఖరీదైన వంజరం బేరమాడి చివరికి చవక కానాగంతలు కొనే ఒక పోర్టు గుమస్తా గారు వస్తే, "మా గుంటండి బాబూ" అని ఆయనకీ చూపించింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని చదివాడు. అమ్మని చూశాడు. మళ్ళీ గోడని చూశాడు.

"మీ అమ్మాయేనా? మరి ఇందులో ఇలా రాశారేంటి" అని గట్టిగా చదివేశాడు.

అమ్మ నన్ను కొట్టలేదు. నా వైపు ఒకసారి చూసి, "ఇంకోపాలి సదవండి" అంది ఆయనతో. ఆయన ఇంకోసారి, ఈసారి నెమ్మదిగా చదివాడు. అమ్మ చేపల మీద చల్లే నీళ్ళు గోడ మీద కొట్టి, కాగితాన్ని గోళ్ళతో పీకడం మొదలుపెట్టింది. మైదా జిగురు గట్టిగా పట్టింది. పైనుంచి పీకితే నా నుదురు, కళ్ళు ఊడొచ్చాయి. కింద రాత అలాగే ఉండిపోయింది.

ఆ సాయంత్రం సంగతి విని మామ్మ చుట్ట తీసి నేలకి రాసి ఆర్పేసింది. మళ్ళీ వెలిగించలేదు. మర్నాడు అమ్మ నన్ను వెంటబెట్టుకుని ఆ సంస్థ ఆఫీసుకి వెళ్ళింది. మేడమ్ కుర్చీ వేశారు. అమ్మ కూర్చోలేదు.

"ఆడు సంద్రం మీదున్నాడు. సచ్చిపోనాడని ఊరంతా ఎలగ రాత్తారు మేడమ్ గోరూ?"

మేడమ్ మొహం పాలిపోయింది. ఆవిడ అది ఊహించలేదని నాకిప్పుడు అర్థమవుతుంది. "ఇది అప్పలకొండ గురించి కాదమ్మా. ఇలాంటి పిల్లలందరి గురించి" అన్నారు.

"ఇలాటి గుంటలందరి అయ్యలూ సచ్చిపోనారేటి?"

"కథ నూకాలుది. అదంతా నిజమే. ఫోటో మాత్రం మీ పాపది."

"మరి నూకాలు ఫోటో ఎందుకెయ్యలేదు?"

"ఆ రోజు రాలేదు కదమ్మా."

"ఎక్కడికెల్లినాది?"

"రొయ్యల షెడ్డుకి" అన్నారు మేడమ్.

"మరదే కదా మీరు సూపించాల్సింది" అంది అమ్మ. ఆ మాట గట్టిగా కూడా అనలేదు. చేప తాజాదా కాదా అని ఎవరైనా అడిగితే చెప్పినట్టు చెప్పింది. మేడమ్ తప్పయిందన్నారు, పోస్టర్ల మీద కాగితం అంటించి ఆ వరస మూయిస్తామన్నారు. చాలా చోట్ల మూయించారు కూడా. కానీ పన్నెండో రోజు వచ్చింది, బోటు రాలేదు. పదమూడో రోజు కూడా రాలేదు. మామ్మ పంచలో సముద్రం వైపు మొహం పెట్టి కూర్చుంది, చుట్ట లేని నోరు ఊరికే కదులుతూ ఉండేది. అమ్మ మార్కెట్‌కి వెళ్ళి వచ్చింది, గంప కడిగింది, నా జడ వేసింది. జడ ఎంత బిగించిందంటే కళ్ళు పైకి లాగినట్టయ్యాయి. నొప్పి అని చెప్పలేదు. ఆ రోజు గోడ దగ్గర నేను సరిగా చదివి ఉంటే బోటు వచ్చేదని నాకు అనిపించింది. ఎలా వచ్చేదో తెలియదు. తొమ్మిదేళ్ళ పిల్లకి అలా అనిపించింది.

పదిహేనో రోజు బోటు వచ్చింది. కాకినాడ దాటాక ఇంజను చెడిపోతే, ఇంకో బోటు తాడు కట్టి లాక్కొచ్చిందట. అయ్య దిగగానే హార్బరు టీ కొట్టు దగ్గర ఎవరో, బావా నువ్వు చచ్చిపోయావని పోస్టరేశారు అని చెప్పారట. అయ్య టీ తాగడం ఆపి, "ఎప్పుడంట?" అని అడిగాడట. ఇంటికొచ్చి మామ్మ ముందు కాసేపు కూర్చున్నాడు. మామ్మ అయ్య మొహం చేత్తో తడిమి చూసి, లోపలికెళ్ళి చుట్ట వెలిగించుకుంది. అమ్మ అన్నం పెట్టింది. అయ్య తింటూ నన్ను అడిగింది ఒకటే ప్రశ్న.

"ఆ గౌనెవులిది?"

బోటు ఓనరు గారమ్మాయిదని చెప్పాను. అయ్య తలూపి పులుసు పోసుకున్నాడు.

పోస్టరు పని చేసింది. ఆ మాట చెప్పకపోతే అన్యాయం. స్టీల్ ప్లాంటులో పనిచేసే ఒక ఇంజనీరు గారు, ఆయన భార్య మేడమ్‌ని వెంటబెట్టుకుని ఒక ఉదయం మా పేటకి వచ్చారు. వాళ్ళది తణుకు దగ్గర. ఆవిడ బస్సులోంచి పోస్టరు చూసి ఇంటికెళ్ళేదాకా ఏడ్చిందట. ఆ పాపని ఊళ్ళోనే ఒక హాస్టలు బడిలో వేసి, పదో తరగతి వరకు చదివిస్తామని వచ్చారు. మేడమ్ దారిలో వాళ్ళకి సంగతి చెప్పే ఉంటారు కానీ, ఆవిడ సరిగా వినలేదనుకుంటాను. చేతిలో ఆకుపచ్చ ట్రంకు పెట్టె ఉంది. తెరిచి చూపించింది. రెండు గౌన్లు, కంచం, గ్లాసు, సబ్బు, పలక. పెట్టెకి తాళం కూడా ఉంది. మా ఇంట్లో తాళం వేసి దాచవలసినదేదీ ఉండేది కాదు, అందుకే నాకు అన్నిటికంటే ఆ తాళం నచ్చింది.

"ఈయనెవరండీ?" అంది ఆవిడ, పంచలో వల బాగుచేసుకుంటున్న అయ్యని చూసి.

"ఈళ్ళయ్యనండి" అన్నాడు అయ్య.

"అంటే... బాగానే ఉన్నారన్నమాట."

"ఉన్నానండి" అన్నాడు అయ్య, కాస్త మొహమాటంగా.

ఆవిడ మంచినీళ్ళు అడిగి తాగింది. ఇంజనీరు గారు నా తల నిమిరి, అయితే ఏమైందండి, మనం చూసింది ఈ పాప మొహమే కదా, ఈ పాపనే చదివిద్దాం అన్నారు. నేను అప్పటికే పెట్టె మీద చెయ్యి వేశాను. అమ్మ వచ్చి నా చెయ్యి తీసింది.

"మా గుంట బడికెల్తన్నాదండి. మీరు ఏడిసింది దీనికి కాదు. రండి, సూపిత్తాను."

అందరం రొయ్యల షెడ్డుకి వెళ్ళాం. రేకుల షెడ్డు, నేలంతా తడి. ఐసు చల్లదనం, రొయ్యల నీచు కలిసి గొంతులోకి వస్తాయి. ఆడవాళ్ళు, పిల్లలు చిన్న చెక్క పీటల మీద బారుగా కూర్చుని తలలు తీస్తున్నారు. ఇంజనీరు గారి భార్య చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుంది, తర్వాత మరిచిపోయి వదిలేసింది. అమ్మ నూకాలుని చూపించింది. నూకాలు తలెత్తి మమ్మల్ని చూసింది కానీ చేతులు ఆపలేదు.

"చదువుకుంటావా అమ్మా?" అంది ఆవిడ వంగి.

"బకెట్టు నిండాక" అంది నూకాలు.

ఆవిడ అక్కడే ఆ నీళ్ళల్లో చతికిలపడింది. ఈసారి ఏడవలేదు. బకెట్టు నిండేదాకా కూర్చుంది.

నూకాలు అమ్మమ్మ మొదట ఒప్పుకోలేదు. గుంట వెళ్ళిపోతే నాకు గంజి ఎవరు పోస్తారు అంది, అది అడగవలసిన మాటే. మేం పోస్తాం అంది అమ్మ. ఆ రోజు నుంచి మా ఇంట్లో గిన్నెలు ఏడయ్యాయి. అంబలి అంతే ఉంది. నా కోసం కొన్న గౌన్లు నూకాలుకి భుజాల మీంచి జారిపోయేవి. పెట్టె పట్టుకుని అది రిక్షా ఎక్కుతుంటే పేటంతా వచ్చింది. నేను పోలేదు. ఇంటి వెనక కూర్చుని, "ఫోటో నాదే కదా" అని ఏడ్చాను. అమ్మ వచ్చి పక్కన కూర్చుని, "ఔను, నీదే" అంది. చాలాసేపు కూర్చుంది, చేపలు కొనడానికి ఎవరో వచ్చి పిలిచినా లేవలేదు.

ఆ ఏడుపు ఎన్నాళ్ళు ఉందో చెబితే నవ్వుతారు. నూకాలు సెలవులకి వచ్చినప్పుడల్లా నేను మొహం తిప్పుకునేదాన్ని. మునిసిపల్ బడిలో చదివాను, మార్కెట్లో అమ్మ పక్కన కూర్చుని చదివాను, టీచరు ట్రైనింగు అయ్యాక మా పేట పక్కనే ఉద్యోగం వచ్చింది. ఉద్యోగంలో చేరిన రోజున కూడా, ఆ హాస్టలు బడికి పోయి ఉంటే ఇంకేదో అయ్యేదాన్నని ఒక మూల అనిపించింది. నూకాలు పదో తరగతి లెక్కల్లో తప్పి, రెండోసారి పాసై, మా పేటలోనే అంగన్‌వాడీ టీచరయింది. కనిపిస్తే పలకరించేది. నేను కూడా బదులు చెప్పేదాన్ని. అంతవరకే.

అప్పటికి రొయ్యల షెడ్లకి బోర్డులు వచ్చాయి. పిల్లలు పనిలో పెట్టుకోబడరు అని పెద్ద అక్షరాలతో ఉంటుంది, నిజంగానే పెట్టుకోరు. మా పేటకి కుళాయిలు వచ్చాయి, మధ్యాహ్నం బడిలో అన్నం వచ్చింది. మేం చిన్నప్పుడు వీటిలో ఏదీ ఎరగం. కానీ ఉదయం హాజరు వేస్తుంటే కొన్ని పేర్ల దగ్గర ఎవరూ పలకరు. ముఖ్యంగా ఆడపిల్లల పేర్లు. షెడ్డులో చూస్తే ఉండరు. తల్లి షెడ్డుకి వెళ్తే, ఇంట్లో చంటిపిల్లని చంకనేసుకుని గంజి కాస్తూ ఉంటారు. పని అదే, చోటు మారింది. గోడ మీద వెయ్యడానికి కూడా అందులో ఫోటో ఏమీ ఉండదు. చెల్లెల్ని ఎత్తుకున్న అక్కని చూసి ఎవరికీ ఏమీ అనిపించదు.

అలాంటి ఒక పిల్ల కోసమే నూకాలు ఒకరోజు మా బడికి వచ్చింది. నా క్లాసులో పేరుంది, నెల నుంచి రావడం లేదు. దాని చెల్లెలు అంగన్‌వాడీ తూకంలో బాగా తగ్గింది. "నానొక్కదాన్నీ ఎల్తే ఇనరు. ఇద్దరం ఎల్దాం" అంది. వెళ్ళాం. పిల్ల నాన్న గుమ్మంలో కూర్చుని ఉన్నాడు, కాలు విరిగి పని మానేశాడు. మమ్మల్ని చూసి చిరాకు పడ్డాడు.

"ఈవిడెవులు?" అన్నాడు నన్ను చూపించి.

"మా అక్క. ఆ బళ్ళో టీచరు" అంది నూకాలు.

అతను ఒకటే మాట అన్నాడు, చంటిదాన్ని ఎవరు చూస్తారు అని. అది కూడా అడగవలసిన మాటే. నేను చట్టం గురించి ఏదో చెప్పబోయాను. నూకాలు నన్ను ఆపి, "నాను సూత్తాను" అంది. అతను నమ్మలేదు, అలాగని కాదనలేదు. తిరిగి వస్తుంటే అడిగాను.

"నాను నీకు అక్కనెప్పుడయ్యాను?"

"హాస్టల్లో" అంది నడుస్తూనే. "మన సాయంత్రం బడి మేడమ్ గోరు పోస్టరొకటి మా బడికిచ్చారు. గోడకంటించారు. ఇది నువ్వు కాదు కదా అని గుంటలందరూ అడిగినారు. మా అక్క అన్నాను. ఎవులూ లేరని రాసున్నాది కదా అన్నారు. రాసినోళ్ళకి తెలీదన్నాను."

వీధి మలుపు తిరిగాక, చెప్పెయ్యాలనిపించి చెప్పాను. "ఆ పెట్టె కోసం నాను ఏడిసాను. నీ మీద కోపం పెట్టుకున్నాను."

"తెల్సు. సెలవులకొత్తే మాటాడీదానివి కాదు. ఆ సంగతి కూడా హాస్టల్లో సెప్పాను. అయితే సొంత అక్కే అన్నారు."

సోమవారం ఆ పిల్ల బడికి వచ్చింది. చెల్లెల్ని చంకనేసుకుని వచ్చింది. ఇద్దర్నీ రెండో బెంచీలో కూర్చోబెట్టి హాజరు మొదలుపెట్టాను. సగంలో ఉండగా నూకాలు గుమ్మంలోకి వచ్చింది. అంత చిన్నపిల్లల్ని అంగన్‌వాడీలో రోజంతా ఉంచుకోకూడదని రూలు ఉంది, అది నాకూ తెలుసు, దానికీ తెలుసు. చంటిదాన్ని అందుకుని భుజాన వేసుకుంది. అక్కా ఎల్తన్నాను అని వెళ్ళిపోయింది.